కూలర్‌లో దాచిన బొంత

బావా, ముందే చెప్పేస్తున్నాను. మా ఇంట్లో మూడు నెలలుగా తామర పోయినట్టే పోయి మళ్లీ మళ్లీ వచ్చింది చూశారూ, దానికి కారణం ఆ పిల్లిపిల్లలు కావు. నేను! ఈ ఎండల్లో మెడకి కర్చీఫ్ ఏంటని రోజూ అడుగుతున్నారు కదా. స్టైల్ కాదు. ఇదిగో, విప్పుతున్నాను, చూడండి. గుండ్రంగా ఉందా? అదీ సంగతి. అబ్బా, అంత దూరం జరగక్కర్లేదు, మందు వాడుతున్నాను. టీ గ్లాసు కూడా ఇంటి నుంచి నాది నేనే తెచ్చుకున్నాను. గ్లాసుకి ఆ ఎర్ర దారమేంటంటారా? ఆగండి, దాని దగ్గరికే వస్తున్నాను.

అసలు ఈ కథ పిల్లులతో మొదలవలేదు. మా అమ్మ బొంతతో మొదలైంది.

మాది భీమిలి కదా. మా నాన్నకి అక్కడ బజార్లో చిన్న కిరాణా కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. బియ్యం బస్తాలు, బెల్లం దిమ్మలు, ఎండుచేపల గంప. వాటి కోసం ఎలకలు. ఎలకల కోసం ఒక పిల్లి. దాని పేరు గుమస్తా! పొద్దున్నే నాన్న కంటే ముందే పోయి గల్లాపెట్టె మీద కూర్చునేది, అందుకని ఆ పేరు. వచ్చినవాళ్లు కూడా "ఏటి గుమస్తాగారూ, కందిపప్పుందా?" అని దాన్నే అడిగేవాళ్లు. అది ఆడపిల్లి అని ఈనిన తర్వాతే తెలిసింది మాకు. అయినా పేరు మార్చలేదు. నేను దాన్ని చంకనేసుకుని ఊరంతా తిప్పేవాణ్ని.

రెండో తరగతిలో నా పొట్ట మీద తామర లేచింది. అమ్మ పెరట్లో ఏదో ఆకు కోసి, నిమ్మకాయ పిండి, నూరి పట్టించేది. బాబోయ్, ఆ మంట! పెరడంతా గెంతేవాణ్ని. మా అప్ప, అదే మా అక్క, నాకంటే ఆరేళ్లు పెద్దది, వెనకనుంచి నా రెండు చేతులూ పట్టుకునేది. "గోక్కోకురా! గోక్కున్నావంటే ఒల్లంతా పాకిపోతాది!" అమ్మేమో నోటితో ఉఫ్ ఉఫ్‌మని ఊదేది. ఇప్పుడు తల్చుకుంటే నాకు ఆ మంట గుర్తు రాదు బావా, ఆ ఊదడమే గుర్తొస్తుంది.

అమ్మ పోయి పద్నాలుగేళ్లయింది. ఇల్లు సర్దుతున్నప్పుడు అప్ప, "నీకేటి కావాల్రా?" అని అడిగింది. ఇత్తడి బిందెలున్నాయి, గంధపు చెక్క ఉంది, అమ్మ తిరగలి ఉంది. నేనేమీ అడగలేదు. ట్రంకు పెట్టె అడుగున మడత పెట్టి ఉన్న బొంత తీశాను.

"అదా?" అంది అప్ప. "అదెందుకురా నీకు?"

"నాకదే కావాలి అప్పా."

నా మొహం వంక అదోలా చూసింది. "సరే, పట్టుకెల్లు" అంది. ఆ చూపేంటో నాకు మొన్నటిదాకా అర్థం కాలేదు.

ఆ బొంత అంటే నాకు ప్రాణం. వాసన చూస్తే చాలు, ఏడేళ్ల వాణ్ని అయిపోతాను. అందులో ప్రతి ముక్కా నాకు తెలుసు. ఆకుపచ్చది అమ్మ పెళ్లిళ్లకి కట్టుకునే చీర. వంకాయరంగుది అప్పని హైస్కూల్లో చేర్చిన రోజు కట్టుకున్నది. నీలం గళ్లది నూతి దగ్గర నీళ్లు తోడేటప్పుడు కట్టుకునేది. ఒక మూల ఎర్ర దారంతో అడ్డంగా నిలువుగా రెండు కుట్లు. నాకు దిష్టి తగలకూడదని కుట్టిందనుకునేవాణ్ని. కాకపోతే బొంత చిన్నది. ఛాతీ కప్పుకుంటే కాళ్లు బయట, కాళ్లు కప్పుకుంటే ఛాతీ బయట. చిన్నప్పటిది కదా, నేను పెరిగాను, బొంత పెరగలేదు, అంతే అని సరిపెట్టుకున్నాను.

మల్కాపురంలో మా డాబా మీద మెట్ల గది ఉంది కదా. పొద్దుటి షిఫ్టు దిగి ఇంటికెళ్లి, భోంచేసి, ఆ గదిలో నులక మంచం మీద బొంత వేసుకుని ఒక గంట పడుకోవడం నాకు అలవాటు. మా ఆవిడ పద్మది కాకినాడ వైపు. శుభ్రం పిచ్చి. "ఏవండీ, బీరువా నిండా మెత్తటి దుప్పట్లు పెట్టుకుని ఆ పాతగుడ్డేంటండీ బాబూ?" అని పద్నాలుగేళ్లుగా అడుగుతూనే ఉంది. నేను పద్నాలుగేళ్లుగా వినపడనట్టే ఉన్నాను.

ఒకరోజు పైకెళ్లేసరికి, మంచం కిందకి జారిపోయిన బొంత మీద వీధిపిల్లి ఒకటి ఈని ఉంది. మూడు పిల్లలు. కళ్లింకా తెరవలేదు. తల్లి నన్ను చూసి 'కిందకి పో' అన్నట్టు ఒక చూపు చూసింది. నేను నిజంగానే కిందకి పోయాను!

మా అమ్మాయి హారిక, రుషికొండలో కంప్యూటర్ ఉద్యోగం చేస్తోంది కదా, ఆ మాట వినగానే ఎగిరి గంతేసింది. పద్మ మాత్రం "పెద్దయ్యే వరకే" అంది. నెల తిరక్కుండానే తల్లి ఎటో వెళ్లిపోయింది. పిల్లలు మాకు మిగిలిపోయాయి. పేర్లు నేనే పెట్టాను. ముప్పై ఏళ్లు పోర్టులో క్రేన్ నడిపినవాడికి ఓడల్లో దిగే సరుకులవి తప్ప ఏం పేర్లు తడతాయి చెప్పండి? తెల్లటిది జిప్సం. నల్ల చుక్కలది కోకు. గోధుమరంగుది మాంగనీసు. హారిక "నాన్నా, ఇవేం పేర్లు!" అని తల పట్టుకుంది. రెండ్రోజుల్లో అదే "జిప్సూ, జిప్సూ" అని తిరిగింది.

ఇక్కడ నా మొదటి తప్పు. జిప్సం చెవుల మీద బూడిదరంగు మచ్చలు కనిపించాయి. మన వైపు తెల్లటిది ఏదైనా బూడిదరంగుకి తిరిగితే ఏమనుకుంటాం? పోర్టు డస్ట్! ఆరేసిన లుంగీ అంతే, స్కూటర్ సీటు అంతే, పిల్లి మాత్రం అంతే కాదా? రోజూ తడిగుడ్డతో తుడిచాను. అదే గుడ్డతో కోకుని తుడిచాను. అదే గుడ్డతో మాంగనీసుని తుడిచాను. వారం తిరిగేసరికి మూడింటికీ చెవుల మీద, ముక్కు మీద బొచ్చు ఊడిపోయి గుండ్రటి బిళ్లలు. ఇంకో నాలుగు రోజులకి హారిక మోచేతి మీద కూడా ఒక బిళ్ల.

పిల్లల్ని అట్టపెట్టెలో పెట్టుకుని పశువుల డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాం. ఆవిడ నీలం లైటు వేసి చూసి, నాలుగు వెంట్రుకలు పీకి పరీక్షకి పంపి, తేల్చేసింది. "తామరండి. భయం లేదు, తగ్గుతుంది. కానీ ఓపిక కావాలి. మనుషులకీ అంటుకుంటుంది. పిల్లల్ని ఒక గదిలో విడిగా ఉంచండి. వారానికి రెండుసార్లు మందు నీళ్లలో ముంచండి. సిరప్ మానొద్దు. అన్నిటికంటే ముఖ్యం, అవి పడుకున్న గుడ్డలు. ఊడిన వెంట్రుకల్లో, గుడ్డల్లో ఈ ఫంగస్ నెలల తరబడి బతికే ఉంటుంది. ఉతకడానికి పనికిరానివి పారేయండి, కాల్చేసినా మంచిదే."

కాల్చేసినా మంచిదే! పద్మ నా వైపు తిరిగింది.

"ఏవండీ, ఈనింది మీ బొంత మీదే కదా? ఏదది?"

నేను ఒక్క క్షణం ఆలోచించలేదు బావా. అబద్ధం దానంతటదే వచ్చేసింది. "అదా? పోయిన నెలే అప్ప వచ్చినప్పుడు పట్టుకెళ్లిపోయింది కదా, భీమిలికి."

"వదిన గారా? నేను చూళ్లేదే?"

"నువ్వు వంటింట్లో ఉన్నావు."

ఆ నెల మొత్తంలో అప్ప రానేలేదు!

ఇంటికొచ్చి అందరికంటే ముందు పైకి పరిగెత్తాను. మెట్ల గది మూల పాత ఎయిర్ కూలర్ ఒకటుంది, ఆరేళ్లుగా పని చెయ్యదు, పారేద్దామంటే బుద్ధి పుట్టదు. బొంత మడతపెట్టి అందులో కుక్కేశాను. అప్పుడే కింద నుంచి పద్మ గొంతు. "ఏవండీ, పిల్లల్ని మెట్ల గదిలోనే పెడదామండీ! అక్కడైతే ఎవరికీ అంటుకోదు!"

అంటే, డాక్టరమ్మ పారేయమన్న బొంతా, దూరంగా ఉంచాల్సిన పిల్లలూ, రెండూ ఒకే గదిలో! కాదనడానికి కారణం చెప్పాలి కదా, ఏం చెప్తాను? సరేనన్నాను.

ఇంక పద్మ నడిపిన యుద్ధం చూడాలి మీరు. బ్లీచింగ్ నీళ్లతో నేల తుడవడం, దుప్పట్లన్నీ వేడినీళ్లలో వేసి ఉతకడం, మంచం నులక మార్పించడం. పైకెళ్లాలంటే విడి చెప్పులు, చేతులకి గ్లవుజులు. మందు నీళ్లలో ముంచే డ్యూటీ నాకూ హారికకీ. అది గంధకం మందు. ముంచాక తుడవకూడదు, అలాగే ఆరనివ్వాలి. వాసన చెప్పలేను! బుట్టెడు గుడ్లు కుళ్లబెట్టి మూత తీసినట్టు ఉంటుంది.

రిఫైనరీ పక్కనున్న మన పేటలో తేడా వాసనంటే మాటలా? మొదటి రోజు ముంచుతుండగానే ఎదురింటి రమణ వీధిలో నిలబడి కేకలు. "గ్యాసు! గ్యాసు లీకైనాది! అందరూ బయటికొచ్చీండి!" చూస్తుండగానే వీధి వీధంతా ముక్కులకి తడిగుడ్డలు కట్టుకుని బయటికొచ్చేశారు. ఒకావిడ కుక్కర్ పట్టుకుని మరీ వచ్చింది. నేను డాబా అంచుకొచ్చి, పచ్చగా తడిసిన పిల్లిపిల్లని పైకెత్తి చూపించి అరిచాను. "గ్యాస్ కాదు బావా, జిప్సం!"

"ఓలమ్మో, జిప్సం లీకైనాదట!" అని సగం మంది హైవే వైపు నడక మొదలుపెట్టారు.

వాళ్లందర్నీ వెనక్కి పిలిచి, మా పిల్లుల్ని చూపించి, అందరికీ టీలు పెట్టించేసరికి పద్మ నాతో రెండ్రోజులు మాట్లాడలేదు. అప్పట్నుంచి ముంచే రోజు ముందుగా వీధిలో నాలుగిళ్లకీ చెప్పి రావడం కూడా నా డ్యూటీ అయింది.

మూడు వారాల్లో కొత్త బొచ్చు మొలిచింది. డాక్టరమ్మ మెచ్చుకుంది. హారిక చెయ్యి నున్నగా అయింది. ఇంట్లో పాయసం! మరో పది రోజులకి మాంగనీసు తోక మీద బిళ్ల. తర్వాత కోకు. తర్వాత పద్మ మోకాలి కింద. మళ్లీ మొదటికి! మళ్లీ బ్లీచింగు, మళ్లీ గంధకం. "ఏదైనా గుడ్డ మిగిలిపోయిందేమో చూడండి" అంది డాక్టరమ్మ. "ఒక్క పీలిక కూడా లేదండీ" అంది పద్మ గట్టిగా. నేను డాక్టరమ్మ నెత్తిమీద తిరిగే ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాను.

నాకు తెలుసు బావా. తెలీకుండా ఎలా ఉంటుంది? ఆ కూలర్‌కి వెనక గడ్డితెర ఎప్పుడో ఊడిపోయింది. ఒక మధ్యాహ్నం పైకెళ్తే గదిలో ఒక్క పిల్లా కనపడలేదు. కూలర్‌లోకి తొంగి చూస్తే మూడూ బొంత మీద, ఒకదాని మీద ఒకటి, గుర్రు పెట్టి నిద్ర. అమ్మ ఆకుపచ్చ చీర ముక్క మీద జిప్సం మొహం. అప్పుడే బొంత తీసెయ్యాలి నేను. ఏం చేశానో తెలుసా? కూర్చుని చూశాను. మా కొట్టు, బెల్లం వాసన, గల్లాపెట్టె మీద గుమస్తా, అన్నీ కళ్ల ముందుకొచ్చేశాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి, నిజం. చివరికి, పద్మ మార్కెట్‌కి వెళ్లినప్పుడు బొంతని నీళ్ల ట్యాంకు మీద రెండు గంటలు ఎండలో వేశాను. మా అమ్మ ఎండలో వేసేది, ఇంక పురుగేముంటుంది అని నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పుకుని, మర్నాడు నేనూ కప్పుకుని పడుకున్నాను. అప్పుడొచ్చింది ఈ మెడ మీది బిళ్ల.

మూడోసారి హారిక రెండో మోచేతి మీద వచ్చేసరికి పద్మ తీర్పు చెప్పేసింది. "ఇంక నా వల్ల కాదండీ. ఆదివారం మా బాబాయి కొడుకు వస్తాడు. ఆనందపురంలో వాళ్ల గోడౌన్‌కి తీసుకెళ్లిపోతాడు. అక్కడ ఎలకలు కూడా ఉన్నాయంట."

హారిక ఆ రోజు ఫుల్ హ్యాండ్స్ చొక్కాతో ఆఫీసు నుంచి వచ్చి అలాగే మెట్ల మీద కూలబడింది. "నాన్నా, డాక్టర్ చెప్పినవన్నీ చేశాను. ఒక్క రోజు కూడా మానలేదు. నేనెక్కడ తప్పు చేశాను నాన్నా?" అని ఏడ్చింది.

నాకు నేల చీలితే అందులోకి పోదామనిపించింది. తప్పు చేసింది నేను, ఏడుస్తోంది అది. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. కానీ చెప్తే పద్మ బొంత కాల్చేస్తుంది. చెప్పకపోతే ఆ మూడూ ఆనందపురం పోతాయి. మా అమ్మ చీరలా, నా కూతురి పిల్లులా? ఏ తండ్రైనా ఏం చేస్తాడు? నేను మాత్రం మూడో దారి వెతికాను! అప్ప పట్టుకెళ్లిందని చెప్పాను కదా, దాన్ని నిజం చేసేస్తే సరి. శనివారం స్కూటర్ మీద భీమిలి వెళ్లి బొంత అప్పకిచ్చేస్తాను. అబద్ధం నిజమవుతుంది, గది శుభ్రమవుతుంది, పద్మని బతిమాలి ఇంకో నెల గడువు తీసుకుంటాను.

శనివారం పొద్దున బొంతని సంచీలో కుక్కి, స్కూటర్ ముందు కాళ్ల దగ్గర పెట్టుకుని, కిక్కు కొట్టాను. అప్పుడే గేటు ముందు ఆటో ఆగింది. అందులోంచి, చేతిలో చేపల సంచీతో, సాక్షాత్తూ మా అప్ప!

"సన్నాసీ! ఎక్కడికెల్తన్నావురా? పిల్లిపిల్లల్ని పంపించేత్తన్నారట కదా, హారిక ఫోన్‌లో ఏడిసింది. ఒకసారి సూద్దారని వచ్చినాను. ఇదిగో, వంజరాలు తెచ్చినాను, తాజా సేపలు."

నా కాళ్లు స్కూటర్‌కి అతుక్కుపోయాయి. లోపల్నుంచి పద్మ పరుగున వచ్చింది. "రండి వదినగారూ, రండి! ముందిది చెప్పండి, ఆ బొంత ఉడకబెట్టేరా? లేపోతే మీకూ అంటుకుంటుంది!"

"ఏ బొంత?" అంది అప్ప.

"అదేనండీ, మీరు తీసుకెళ్లేరు కదా. అత్తయ్య గారి బొంత."

"నానేటి తీసుకెల్లడమేటి? నాను మీ ఇంటికొచ్చి ఆర్నెల్లయింది." అప్ప చూపు నా మొహం మీద నుంచి మెల్లగా నా కాళ్ల దగ్గరికి దిగింది. సంచీలోంచి ఒక మూల బయటికి వేలాడుతోంది. ఎర్ర దారం కుట్లున్న మూల. వంగి లాగింది. బొంత మొత్తం బయటికొచ్చేసింది, దాంతోపాటు గుప్పెడు పిల్లి బొచ్చు కూడా.

పద్మ బొంత వైపు కాదు, నా వైపు తిరిగింది. అదే భయం. హారిక డాబా మీద నుంచి చూస్తోంది.

ఇంక దాచేదేముంది? గేటు దగ్గరే నిలబడి అంతా కక్కేశాను. కూలర్, ట్యాంకు మీద ఎండ, మధ్యాహ్నం నిద్రలు, అన్నీ. చివరికి పద్మ ముందు చేతులు జోడించాను. "నాకు అమ్మదంటూ మిగిలింది ఇదొక్కటే పద్మా. ఆ ఎర్రదారం చూడు, నాకు దిష్టి తగలకూడదని కుట్టింది. దీన్ని ఎలా కాల్చమంటావు?"

పద్మ కళ్లు తుడుచుకుంది. "ముందే చెప్పొచ్చు కదండీ" అంది మెత్తగా. హారిక కిందకి దిగొచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. రమణ కూడా ఎదురింటి అరుగు మీద ముక్కు ఎగబీల్చాడు. అంత బాగా వచ్చింది నా స్పీచ్!

అప్ప మాత్రం బొంత తిరగేసి మరగేసి చూస్తోంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. కాదు, నవ్వుతోంది! మెట్టు మీద కూలబడిపోయి నవ్వుతోంది!

"ఒరే సన్నాసీ! ఇది నీ బొంతేట్రా? ఇది గుమస్తా బొంత!"

"గుమస్తా ఎవరండీ?" అంది పద్మ.

"మా కొట్లో పిల్లి!" అప్ప ఆయాసపడుతోంది. "ఈడికి సిన్నప్పుడు పొట్టనిండా తామర లేసినాది. పిల్లిని పక్కలో పెట్టుకు పడుకునీవోడు, దాని కాడినుంచి అంటుకున్నాది. అమ్మేం సేసిందంటే, ఈడికి అంటకుండా పిల్లికి ఏరే బొంత కుట్టినాది. సిరిగిన సీరలు, గోనె పీలికలు, ఏటి దొరికితే అది యేసి. అందరివీ కలిసిపోకుండా మూలన ఎర్రదారం గుర్తెట్టినాది. దిష్టీ లేదు, గిష్టీ లేదు. 'ఇది పిల్లిది, ముట్టుకోకండి' అని ఆ గుర్తు!"

వంగి ఆ ఎర్రదారం మూలని మళ్లీ ఒకసారి చూశాను.

"మరి నా బొంత?" అన్నాను.

"నీదా? అది నువ్వు పక్క తడిపి తడిపి మూడో తరగతికే సిరిగిపోనాది. ఆ తర్వాత రోజూ పిల్లి దగ్గరికెల్లి దాని బొంత లాక్కుని పడుకునీవోడివి. అమ్మ పిల్లినేం అన్లేదు, నిన్నే కొట్టీది. అందుకే ఆ రోజు అడిగినాను, అదెందుకురా నీకు అని. బిందెలొదిలేసి పిల్లి బొంత పట్టుకెల్తన్నాడేటి ఈడు, అమ్మ పోయిన బాధలో ఉన్నాడు, ఇప్పుడెందుకు సెప్పడం అని ఊరుకున్నాను."

హారిక మొదలుపెట్టింది నవ్వడం. తర్వాత పద్మ. తర్వాత రమణ. చివరికి నాకూ ఆగలేదు. నాకు తామర రాకూడదని మా అమ్మ పనిగట్టుకుని పిల్లికి విడిగా కుట్టిన బొంత! నలభై అయిదేళ్ల తర్వాత దాన్నే వెతుక్కుని, దాచుకుని, కప్పుకుని మరీ తామర తెచ్చుకున్నాను. పాపం ఆ వీధిపిల్లికి ఎవరు చెప్పారో, సరిగ్గా దాని మీదే వచ్చి ఈనింది.

"అయితే కాల్చేద్దామా వదినగారూ?" అంది పద్మ.

"కాల్చడమేటి! అమ్మ నెలకోపాలి బానలో సోడా యేసి ఉడకబెట్టీది. పిల్లికి తగ్గినాది, ఈడికి తగ్గినాది. నీకది గుర్తు లేదేట్రా?"

లేదు. ఎండలో వెయ్యడం గుర్తుంది నాకు, ఉడకబెట్టడం గుర్తులేదు. కష్టమైన ముక్కని హాయిగా మర్చిపోయాను.

హారిక డాక్టరమ్మకి ఫోన్ చేసి అడిగింది. ఉడికే నీళ్లలో వేసి, తర్వాత ఇంకో రెండుసార్లు వేడినీళ్లతో ఉతికితే వాడుకోవచ్చంది. పెరట్లో మూడు రాళ్లు పెట్టి, పెద్ద గుండిగ ఎక్కించాం. అప్ప చీర బిగించి కర్రతో తిప్పుతుంటే వెనకనుంచి అచ్చు అమ్మలాగే ఉంది. నేను పుల్లలు ఎగదోస్తూ పొగకి కళ్లు తుడుచుకున్నాను. పొగకే అని చెప్పాను. నీళ్లు ఎంత నల్లగా దిగాయంటే, భీమిలి మురికీ మల్కాపురం డస్టూ అన్నీ కలిసి అందులోకే వచ్చేశాయి. తీసి పిండేసరికి అసలు రంగులు బయటపడ్డాయి. ఆకుపచ్చ నిజంగా ఆకుపచ్చే. వంకాయరంగు అలాగే ఉంది. నీలం గళ్లది మాత్రం... అప్ప దగ్గరికి తెచ్చి చూసి, "ఇది సీర కాదురా, నాన్న లుంగీ" అంది.

పద్నాలుగేళ్లు నాన్న లుంగీని అమ్మ చీర అనుకుని కళ్లకద్దుకున్నాను బావా! పోనీలెండి, ఆయన మాత్రం పరాయివాడా?

ఆదివారం ఆనందపురం నుంచి బావమరిది వచ్చాడు, వంజరాల పులుసు తిన్నాడు, ఖాళీ చేతులతో వెళ్లాడు. హారిక జిప్సాన్ని ఎత్తుకుని గేటు దాకా సాగనంపింది. కూలర్‌ని పాతసామాన్లవాడు పట్టుకుపోయాడు. ఇంకో మూడు వారాలు మందు వాడాక, నిన్న డాక్టరమ్మ మళ్లీ నీలం లైటు వేసి చూసింది. మూడు పిల్లలూ శుభ్రం. హారిక శుభ్రం. పద్మ శుభ్రం. ఇంట్లో తామర మిగిలింది ఒక్కడికే. అందరికంటే ఎక్కువ రోజులు ఆ బొంత కప్పుకున్నవాడికి.

నిన్న సాయంత్రం పద్మ ఒక పెద్ద మూట తెచ్చి నా ఒళ్లో పెట్టింది. విప్పి చూస్తే కొత్త బొంత! తన పాత చీరలన్నీ కలిపి వారం రోజులుగా నాకు తెలీకుండా కుడుతోందట. మా పెళ్లప్పటి పసుపుది ఉంది, హారిక పుట్టినప్పటి గులాబీరంగుది ఉంది. కప్పుకుంటే కాళ్లు కూడా లోపలే. నాకు మళ్లీ కళ్లలో నీళ్లు. అప్పుడు చూశాను, మూలన. ఎర్ర దారంతో రెండు కుట్లు.

"దిష్టికా పద్మా?" అన్నాను ప్రేమగా.

"కాదండీ. మీదని తెలియడానికి."

అప్పుడు చుట్టూ చూశాను. నా తువ్వాలుకి ఎర్ర దారం. నా దిండుకి ఎర్ర దారం. దువ్వెనకి ఎర్ర దారం. గ్లాసుతో అంటుకోదని డాక్టరమ్మ చెప్పినా వినకుండా ఇదిగో, ఈ గ్లాసుకీ కట్టేసింది. ఆ మూడేమో మెట్ల గదిలో మా అమ్మ బొంత మీద కాళ్లు చాపుకుని పడుకుంటున్నాయి. వాటికి సరిగ్గా సరిపోయింది. ఆ మూల కుట్టిన గుర్తుని వెళ్లేముందు అప్ప పళ్లతో కొరికి తెంపేసింది, పిల్లులకి ఇంక దాంతో పనిలేదని.

ఇంకో టీ చెప్పండి బావా. నాకు మాత్రం నా గ్లాసులోనే పొయ్యమనండి.